అనంతపురం ఎండలో మాత్ ఆర్కిడ్: కుండీలో ఏం నింపాలి, నీళ్లు ఎప్పుడు పోయాలి

జనవరిలోనో ఆగస్టులోనో బెంగళూరు లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి వెళ్లినవాళ్లు ఒక మాత్ ఆర్కిడ్ కుండీ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కడం అనంతపురంలో ఇప్పుడు మామూలైపోయింది. 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చినా ఆ మొక్క రెండు నెలల పాటు పూలతో కళకళలాడుతుంది. పూలు రాలాక ఆకులు మెల్లగా ముడతలు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మొక్క చేతికి దక్కకుండా పోతుంది. అందరం ఎండను తిట్టుకుంటాం.

ఎండ పాత్ర లేదని అనను. కానీ నీడలో, ఇంట్లో పెట్టిన మొక్క కూడా పోతోందంటే కారణం దాదాపు ఎప్పుడూ కుండీలోనే ఉంటుంది: లోపల నింపిన సరుకు, దాని మీద మనం పోసే నీళ్లు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించాలి. ఏం నింపారో తెలియకుండా ‘ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి’ అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. మనకు దొరికే సలహాల్లో చాలావరకు చల్లటి దేశాల కిటికీల కోసమో, కేరళలాంటి తేమ గాలి ఉన్న చోట్ల కోసమో చెప్పినవి. మన దగ్గర ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 20, 25 శాతానికి దిగిపోతుంది. ఆ సలహాలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ పాటిస్తే మొక్క నిలవదు. కర్నూలు, కడప వాళ్లకు ఎండ ఇంకా ఎక్కువే కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ వాళ్లకూ వర్తిస్తాయి.

ముందు వేళ్లను అర్థం చేసుకోండి

మాత్ ఆర్కిడ్, అంటే ఫెలనాప్సిస్, మట్టిలో పెరిగే మొక్క కాదు. ఈశాన్య భారతం నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దాకా తేమగా ఉండే అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. వాన వచ్చినప్పుడు తడుస్తుంది, తర్వాత గాలికి ఆరుతుంది. దీనికి నీళ్లు దాచుకునే దుంపలు లేవు. ఉన్న నిల్వంతా మందపాటి ఆకుల్లో, వేళ్లలోనే. వేరు చుట్టూ తెల్లటి పొర ఒకటి ఉంటుంది. అది స్పాంజి పని చేస్తుంది. నీళ్లు తగలగానే పీల్చుకుని, మెల్లగా లోపలి వేరుకు అందిస్తుంది.

ఈ పొరను ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. ఆరిపోయిన వేరు వెండి రంగులో, కాస్త బూడిద తెలుపులో ఉంటుంది. దాని మీద ఒక్క చుక్క నీరు వేయండి. చుక్క పడిన చోట ముందు పచ్చటి మచ్చ కనిపిస్తుంది, చూస్తుండగానే ఆ పచ్చదనం చుట్టూ కాస్త పాకుతుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

తడితో పాటు ఆ వేరుకు గాలి కూడా కావాలి. ఎర్రమట్టిలోనో నల్లరేగడిలోనో నాటితే గాలి అందక కొద్ది వారాల్లో కుళ్లిపోతుంది. కొబ్బరి పీచు పొడి అయిన కోకోపీట్‌లోనూ అంతే. మన నర్సరీల్లో ‘పాటింగ్ మిక్స్’ అని అమ్మే నల్లటి పొడి మిశ్రమం గులాబీకి బాగుంటుంది, దీనికి పనికిరాదు. వర్మీకంపోస్టు, పశువుల ఎరువు కుండీలో వేయకండి.

మీ ఇంటి నీళ్లు ఎలాంటివి?

మీడియా, అంటే కుండీలో నింపే సరుకు, కొనేముందు ఈ సంగతి తేల్చుకోవాలి. మన ఊళ్లలో చాలా కాలనీల్లో బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 1000 దాటడం వింతేమీ కాదు. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం 500 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సరే అంటారు. ఆర్కిడ్ వేళ్లు అంత తట్టుకోలేవు. 200 లోపు ఉంటే హాయిగా ఉంటుంది, 300 దాకా ఎలాగో నెట్టుకురావచ్చు. అంతకు మించితే వేరు కొసలు నల్లబడి మాడతాయి, ఆకుల చివర్లు ఎండుతాయి, కుండీ అంచున తెల్లటి పొరలు కడతాయి. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర పేరుకునే ఉప్పు ఇదే.

టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఆర్కిడ్ పెంచాలనుకుంటే ముందు అది కొనండి. బోరు నీళ్లు, మున్సిపాలిటీ నీళ్లు, క్యాన్ నీళ్లు మూడూ కొలిచి రాసి పెట్టుకోండి. ఎండాకాలంలో బోరు నీళ్ల అంకె పెరగవచ్చు, అప్పుడు మళ్లీ కొలవండి.

తర్వాత లెక్క సులువు. ఆర్.ఓ. క్యాన్ నీళ్లు 50 దగ్గర, మీ బోరు నీళ్లు 1000 దగ్గర ఉన్నాయనుకోండి. ఐదు చెంబుల క్యాన్ నీళ్లలో ఒక చెంబు బోరు నీళ్లు కలిపితే 200 చుట్టుపక్కలకు వస్తుంది. మొక్కకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా ఆ ఒక్క చెంబులోనే దొరుకుతాయి. ఉత్త ఆర్.ఓ. నీళ్లలో ఇవి దాదాపు ఉండవు, అందుకే కలపమంటున్నాను. మున్సిపాలిటీ నీళ్లు 300 లోపు వస్తుంటే ఈ కలపడమంతా అక్కర్లేదు, అవే వాడండి.

రెండు రకాల నీళ్ల జోలికి మాత్రం పోవద్దు. మొదటిది, ఇంట్లో ఆర్.ఓ. మెషీన్ నుంచి పక్క పైపులో వృథాగా పోయే నీళ్లు. అందులో ఉప్పు అసలు నీళ్లకంటే ఎక్కువ ఉంటుంది. రెండోది సాఫ్ట్‌నర్ నీళ్లు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి దాని బదులు సోడియం పెడుతుంది. గీజర్‌కూ జుట్టుకూ మంచిదే కానీ టీడీఎస్ తగ్గదు, పైగా సోడియం మొక్కకు ఇంకా చెడ్డది.

వాన నీళ్లకు సాటి లేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన పడినప్పుడు మిద్దె మీది దుమ్మంతా కొట్టుకుపోయేదాకా ఆగి, ఆ తర్వాత పడే నీళ్లు పట్టుకోండి. మూత ఉన్న డ్రమ్ములో, వెలుతురు పడని చోట పెడితే ఒకటి రెండు మొక్కలకు చాలా రోజులు వస్తాయి. మూత సరిగ్గా లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, జాగ్రత్త.

కుండీలో ఏం నింపాలి

పైన్ బెరడు ముక్కలు. అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం సైజు మాత్ ఆర్కిడ్‌కు సరిపోతుంది. మధ్యలో గాలి ఆడుతుంది, తడి మితంగా నిలుస్తుంది, దాదాపు రెండేళ్లు ఉంటుంది. మన ఊరి దుకాణాల్లో అరుదు. బెంగళూరు నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. అలంకరణ కోసం రంగు వేసి అమ్మే బెరడు ముక్కలు తీసుకోకండి. కొత్త బెరడు నీళ్లను తోసేస్తుంది కాబట్టి వాడేముందు ఒక రాత్రంతా నానాలి.

కొబ్బరి డొక్క ముక్కలు. పీచుతో ఉన్న డొక్కను అంగుళం ముక్కలుగా కోసినవి. మన పొడి గాలికి ఇవి చాలా సాయం చేస్తాయి, బెరడు కంటే ఎక్కువ తడి పట్టి ఉంచుతాయి. కానీ డొక్కలో సహజంగానే ఉప్పు ఉంటుంది. బకెట్‌లో నానబెట్టి, ఒక రోజు తర్వాత నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టండి. మూడుసార్లయినా ఇలా చేయండి. మొదటి నీళ్లు చిక్కటి డికాషన్ రంగులో ఉంటాయి. మూడోసారికి లేత టీ రంగుకు రావాలి, రాకపోతే నాలుగోసారి కూడా. మీటర్ ఉంటే ఆఖరి నీళ్లు కొలిచి చూడండి.

బొగ్గు. ఇస్త్రీ బండ్లకు అమ్మే కట్టె బొగ్గు చాలు, మన దగ్గర ఎక్కువగా కంపచెట్ల బొగ్గే దొరుకుతుంది. సుత్తితో చిన్న ముక్కలు చేసి, పొడి జల్లించి, నల్లనీళ్లు పోయేదాకా కడగాలి. బార్బిక్యూ కోసం అచ్చు పోసి అమ్మే బొగ్గులో జిగురు, మండే పదార్థాలు కలుస్తాయి, అది వద్దు. బొగ్గు కుళ్లదు, గాలికి దారి ఇస్తుంది. కానీ నీళ్లలోని ఉప్పును పట్టుకుని దాచుకుంటుంది. కోస్తాలో ఉత్త బొగ్గులో పెంచేవాళ్లున్నారు. మన గట్టి నీళ్లతో ఆ పని చేస్తే ఏడాది తిరక్కుండానే వేళ్లు మాడతాయి. నాలుగో వంతుకు మించి కలపకండి.

ఇటుక ముక్కలు. బాగా కాలిన ఎర్ర ఇటుకవే తీసుకోండి. సిమెంటు ఇటుక, బూడిద ఇటుక వాడకూడదు. నీళ్లలో వేస్తే బుడగలు వస్తాయి, అవి ఆగేదాకా నాననివ్వండి. కుండీకి బరువునిచ్చి పడిపోకుండా చూస్తాయి. వీటికీ ఉప్పు పట్టే గుణం ఉంది కాబట్టి కాసినే వాడండి.

స్ఫాగ్నమ్ మాస్. ఇది ఎండిన నాచు, లేత గోధుమ రంగు పోగులుగా వస్తుంది. చిలీ, న్యూజిలాండ్ నుంచి వచ్చేది మంచి రకం. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుంది. మన ఎండకు మంచి మందే, కానీ చెయ్యి తేలిగ్గా ఉండాలి. గట్టిగా కుక్కితే గాలి పోయి వేళ్లు కుళ్లుతాయి. రోజూ నీళ్లు పోయకపోతే మనసు ఊరుకోని వాళ్లు దీన్ని ఉత్తగా వాడకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం. ఏడాది, ఏడాదిన్నరకు మార్చాలి.

వేరుశనగ పొట్టు గురించి చాలామంది అడుగుతారు. మన జిల్లాలో బస్తాలకొద్దీ దొరుకుతుంది కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే. కానీ తడి తగిలితే అది కొన్ని నెలల్లోనే మెత్తబడి ముద్దవుతుంది, బూజు పడుతుంది. ఆర్కిడ్ కుండీకి పనికిరాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి రాళ్లది. కుండీ అడుగున నీళ్లు పోవడానికి బండ ముక్కలు వేసే అలవాటు మనకుంది. ఇంటి చుట్టూ దొరికేవి కడప బండ ముక్కలు, బేతంచెర్ల బండ ముక్కలు. రెండూ సున్నపురాయే. నీళ్లు తగిలేకొద్దీ సున్నం కరిగి వేళ్ల దగ్గరికి చేరుతుంది. ఇప్పటికే గట్టిగా ఉన్న నీళ్లకు అది ఇంకో బరువు. అనుమానం ఉంటే రాయిని గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని పొంగితే సున్నపురాయి అన్నమాట. అసలు మాత్ ఆర్కిడ్ కుండీ అడుగున రాళ్లే అక్కర్లేదు, రంధ్రాలు సరిగ్గా ఉంటే చాలు. కిటికీ గట్టు నల్ల కడప బండతో కట్టి ఉంటే, మధ్యాహ్నం ఎండ తగిలినప్పుడు దాని మీద చెయ్యి పెట్టి చూడండి. కుండీ అడుగున వేళ్లకు తగిలే వేడి అదే. కింద చెక్క పలకో, కొబ్బరి ఈనెలతో అల్లిన తడకో వేసి దాని మీద పెట్టండి.

ఎవరి ఇంటికి ఏ మిశ్రమం

ఎండాకాలం పగలంతా కూలర్ నడిచే ఇల్లు అయితే రెండు పాళ్లు బెరడు, ఒక పాలు కొబ్బరి డొక్క, ఒక పాలు బొగ్గు. నాకు అన్నిటికంటే నచ్చిన మిశ్రమం ఇదే. నీళ్ల కూలర్ గదిలో తేమను పెంచుతుంది కాబట్టి ఆర్కిడ్‌కు ఏసీ కంటే కూలర్ చాలా మేలు. గాలి నేరుగా మొక్క మీదికి కొట్టకుండా చూస్తే చాలు.

ఏసీ గదిలో పెట్టాలనుకుంటే, లేదా భార్యాభర్తలిద్దరూ పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్లయితే, తడి ఎక్కువ నిలవాలి. రెండు పాళ్లు బెరడు, రెండు పాళ్లు కొబ్బరి డొక్క, అర పాలు బొగ్గు, వీటి మధ్యలో విడదీసి చల్లిన పిడికెడు మాస్. పైన కూడా పలుచగా మాస్ పరవండి, కానీ మొక్క మొదలుకు తగలనివ్వకండి.

బెరడు దొరకని వాళ్లు రెండు పాళ్లు కొబ్బరి డొక్క, ఒక పాలు బొగ్గు, ఒక పాలు ఇటుక ముక్కలతో మొదలుపెట్టవచ్చు. నీళ్లు మంచివై ఉండాలి, అంతే.

కుండీ సంగతికొస్తే, లోపలికి కనిపించే పారదర్శక ప్లాస్టిక్ కుండీ తీసుకోండి, అడుగునా పక్కలా రంధ్రాలు ఉన్నది. వేళ్ల రంగు చూడటానికి ఇది తప్పనిసరి అనే అంటాను. దొరక్కపోతే గట్టి ప్లాస్టిక్ డబ్బాకు కాల్చిన మేకుతో రంధ్రాలు పెట్టుకోండి. చుట్టూ రంధ్రాలున్న మట్టి కుండీలు తేమ ఊళ్లలో బాగుంటాయి. మన గాలికి అవి పూటలో ఎండిపోతాయి, గోడలో ఉప్పు పేరుకుంటుంది, వేళ్లు ఆ గోడకే అంటుకుంటాయి. సైజు వేళ్లు పట్టేంత ఉంటే చాలు. పెద్ద కుండీలో పెడితే తొందరగా పెరుగుతుందని అనుకోవద్దు, మధ్యభాగం ఆరక కుళ్లుతుంది.

కుండీ మార్చడం

మంచి సమయం జులై నుంచి సెప్టెంబరు దాకా. ఎండ తగ్గి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, కొత్త వేళ్లు తొందరగా వస్తాయి. పూలున్నప్పుడు మార్చకండి. ఏప్రిల్, మేలలో కూడా ఆగండి. వేళ్లు కుళ్లుతున్నాయని తెలిస్తే మాత్రం ఏ నెలైనా సరే, వెంటనే మార్చాలి.

ముందురోజే మీడియా నానబెట్టి, వాడేముందు నీళ్లు వంపేయండి. మాస్‌కు అరగంట నానితే సరిపోతుంది. తర్వాత గుప్పిట్లో పిండండి, చుక్కలు కారడం ఆగి, వదిలితే మళ్లీ విచ్చుకోవాలి.

మొక్కను కుండీలోంచి తీసి, పాత సరుకంతా చేతి వేళ్లతో విడదీయండి. రాకపోతే నీళ్లలో కాసేపు ఉంచితే వదులవుతుంది. ఇప్పుడు వేళ్ల మధ్యలోకి చూడండి. కొన్న మొక్కల్లో చాలాసార్లు అక్కడ గట్టిగా కుక్కిన మాస్ ముద్ద ఒకటి ఉంటుంది. పిల్లమొక్కగా ఉన్నప్పుడు పెట్టింది అది. పైన బెరడు ఆరిపోయినా ఆ ముద్ద తడిగానే ఉంటుంది, మొదలు కుళ్లడం అక్కడే మొదలవుతుంది. మా వీధిలో ఒకామె ‘అక్కా, రోజూ గ్లాసు నీళ్లు పోస్తున్నా ఆకులు వాడిపోతున్నాయి, ఇంకా ఎక్కువ పోయాలా’ అని మొక్క తెచ్చింది. పైకి అంతా పొడిగా కనిపిస్తోంది. తీసి చూస్తే మధ్య ముద్ద నల్లగా, వాసన వేస్తూ ఉంది. దాని చుట్టూ ఉన్న వేళ్లన్నీ పోయాయి. ఆమె పోసిన నీళ్లు తాగడానికి మొక్కకు సరిపడా వేళ్లు మిగల్లేదు. పక్కన మిగిలిన రెండు గట్టి వేళ్లతోనే అది మళ్లీ నిలదొక్కుకుంది, కాకపోతే ఏడాది పట్టింది.

ఒక్కో వేరును మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే రంగు ఎలా ఉన్నా ఉంచేయండి, గోధుమ రంగులో ఉన్న వేళ్లు కూడా మంచివే కావచ్చు. నొక్కగానే అణిగిపోయి, పై తొక్క జారి లోపల సన్నటి నార మాత్రమే మిగిలితే అది చచ్చిన వేరు. దాన్ని కత్తిరించండి. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి లేదా మంట మీద చూపి చల్లారాక వాడండి, మొక్క మొక్కకూ మధ్య మళ్లీ అదే పని చేయండి. కోసిన చోట పసుపు అద్దాలని చాలామంది అంటారు. గాలికి గంట సేపు ఆరనిస్తే చాలు, పసుపో దాల్చినచెక్క పొడో మంచి వేళ్లకు కూడా పూసేయడం మాత్రం చేయకండి.

కుండీలో కాస్త మీడియా వేసి, మొక్కను మధ్యలో నిలిపి, చుట్టూ ముక్కలు వదులుతూ పక్కలను తట్టండి. సర్దుకుంటాయి. చేత్తో గట్టిగా నొక్కి దట్టించకండి. ఆకులు మొదలైన చోటు మీడియా పైనే ఉండాలి. గాల్లోకి వచ్చిన వేళ్లను బలవంతంగా లోపలికి వంచకండి, విరుగుతాయి. మొక్క ఊగుతుంటే ఒక పుల్ల గుచ్చి దారంతో కట్టండి. ఊగే మొక్క కొత్త వేరును పట్టుకోలేదు.

వేళ్లు కోసి ఉంటే రెండు మూడు రోజులు నీళ్లు ఆపండి. మీడియాలో తడి ఎలాగూ ఉంటుంది. ఆ రోజుల్లో నీడ ఎక్కువ ఉన్న చోట పెట్టండి.

నీళ్లు పోసే పద్ధతి

పొద్దున్నే పోయండి. ముందురోజు రాత్రే నీళ్లు పట్టి బకెట్‌లో ఇంట్లో ఉంచితే గది వేడికి వస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లు నేరుగా పోస్తే వేళ్లు ఉడికిపోతాయి. ఫ్రిజ్ నీళ్లు కూడా పోయకండి.

చెంబుతో మీడియా మీద చుట్టూ మెల్లగా పోయండి, అడుగు నుంచి బాగా కారాలి. ఐదు నిమిషాలు ఆగి ఇంకోసారి పోయండి. పొడిగా ఉన్న ముక్కలు మొదటిసారి పోసిన నీళ్లను పట్టుకోలేవు, పక్కలనుంచి జారిపోతాయి. రెండోసారికి వేళ్లన్నీ పచ్చబడతాయి. ఏప్రిల్, మేలలో కుండీని బకెట్‌లో నీళ్లు మీడియా అంచుదాకా వచ్చేలా పదిహేను నిమిషాలు ఉంచడం ఇంకా మంచిది. ఒకే బకెట్ నీళ్లలో రెండు మూడు మొక్కలు ముంచకండి, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది. మిగిలిన నీళ్లు తులసికో మల్లెకో పోసేయండి.

తర్వాత కుండీ పూర్తిగా కారనిచ్చి, కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. నడుమ కొత్త ఆకు పుట్టే గుంటలో నీళ్లు నిలిస్తే నూలుగుడ్డ కొసతో అద్ది తీయండి. ఆ గుంట కుళ్లితే మొక్క పైకి పెరగదు, అదే పెద్ద నష్టం.

ఎప్పుడు పోయాలంటే, పారదర్శక కుండీ గోడకు ఆనుకున్న వేళ్లు వెండి రంగుకు మారాలి, లోపల గోడకు నీటి ఆవిరి చుక్కలు కనిపించకూడదు. ఇంకా అనుమానంగా ఉంటే కొబ్బరి చీపురు పుల్ల ఒకటి మీడియాలో మధ్యదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచండి. తీసి చెంపకు ఆనించుకుంటే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, ఆగండి. కొన్నాళ్లకు కుండీ ఎత్తి చూస్తేనే బరువును బట్టి చేతికే తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి ఒక అంచనా చెప్తాను, దీన్ని మీ ఇంటికి తగ్గట్టు సరిచేసుకోండి. బెరడు, డొక్క, బొగ్గు మిశ్రమానికి మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా రెండు రోజులకోసారి, వడగాలులు వీచే వారాల్లో రోజూ. జులై నుంచి అక్టోబరు దాకా మూడు నాలుగు రోజులకు. నవంబరు నుంచి జనవరి చివరిదాకా ఐదారు రోజులకు. ఫిబ్రవరిలో గాలి ఎండటం మొదలవుతుంది, మళ్లీ గమనించుకోవాలి. ఉత్త మాస్‌లో ఉన్న మొక్కకైతే ఎండాకాలం నాలుగైదు రోజులు, చలికాలం ఎనిమిది పది రోజులు పడుతుంది. పక్కపక్క కుండీల్లో ఒకటి బెరడులో, ఒకటి మాస్‌లో ఉంటే రెండింటికీ కలిపి ఒకేరోజు నీళ్లు పోయడం తప్పు.

ఆకుల మీద పిచికారీ చేస్తే తేమ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. మన గాలిలో అది నిమిషాల్లో ఆరిపోతుంది, గట్టి నీళ్లయితే తెల్ల మచ్చలు మిగులుతాయి. మొక్కలన్నీ ఒక దగ్గర పెట్టడం, కూలర్ ఉన్న గదిలో ఉంచడం, కింద వెడల్పాటి పళ్లెంలో తడి ఇటుకలు పెట్టి వాటి మీద కుండీ నిలపడం ఇంతకంటే పనికొస్తాయి. చోటు సంగతి ఒక్క మాటలో: తూర్పు కిటికీ, పలుచని పరదా. పడమటి కిటికీ వద్దేవద్దు. ఆకు ముట్టుకుంటే వెచ్చగా తగిలితే లోపలికి జరపండి.

ఎరువు కొంచెమే

చీనీ తోటలకు డ్రిప్‌లో వేసే 19:19:19 ఎరువుల దుకాణంలో కిలో ప్యాకెట్‌గా దొరుకుతుంది. ఒక ఇంటికి అది ఏళ్ల తరబడి వస్తుంది, తేమ తగలకుండా దాచండి. లీటరు నీళ్లకు అర గ్రాము, రెండు వారాలకోసారి. ముందు మామూలు నీళ్లు పోసి వేళ్లు తడిశాకే ఎరువు నీళ్లు పోయాలి, పొడి వేళ్ల మీద పోస్తే మాడతాయి. నెలకోసారి ఎరువు లేని మంచి నీళ్లు ఎక్కువగా పోసి కుండీలో పేరుకున్న ఉప్పును కడిగేయండి. 40 డిగ్రీలు దాటే వారాల్లో ఎరువు పూర్తిగా ఆపేయండి.

ఆకులు ముడతలు పడితే

నీళ్లు తక్కువైనా ముడతలు పడతాయి, ఎక్కువై వేళ్లు కుళ్లినా ముడతలే పడతాయి. ఆకును చూసి తేల్చడం కుదరదు, వేళ్లను చూడాలి. వేళ్లు వెండి రంగులో గట్టిగా ఉంటే దాహం. బకెట్‌లో అరగంట నానబెట్టి, ఇకమీదట ఒక రోజు ముందుగా పోయండి. వేళ్లు గోధుమ రంగులో మెత్తగా ఉంటే కుండీ మార్చాలి. వేళ్లు గట్టిగానే ఉండి కొసలు మాత్రం నల్లగా మాడి ఉంటే అది ఉప్పు పని. నీళ్లు మార్చండి, పాత మీడియా తీసేయండి. ఒకసారి ముడతపడిన ముసలి ఆకు మళ్లీ పూర్తిగా నునుపు కాదు, కొత్త ఆకు ఎలా వస్తుందో చూసి మొక్క కోలుకుందో లేదో చెప్పాలి.

చలికాలం మాత్రం మన ఊరు ఈ మొక్కకు అనుకూలం. పగలు 26 డిగ్రీల దగ్గర, రాత్రి 20 లోపు కొన్ని వారాలు ఉంటే పూలకాడ పుడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు అనంతపురంలో 16, 18 దాకా దిగుతాయి కాబట్టి ఆ నెలల్లో కిటికీ దగ్గరే ఉంచండి, రాత్రి కిటికీ కాస్త తెరిచి పెట్టండి. ఆకుల మధ్య నుంచి పుట్టేది వేరో, పూలకాడో మొదట తేడా తెలియదు. కొస గుండ్రంగా ఉంటే వేరు, ఒకవైపు చిన్న మడతతో మొనదేలి ఉంటే పూలకాడ. కాడ కనిపించాక కుండీని అటూ ఇటూ తిప్పకండి, నీళ్లు ఎండగట్టకండి. మొగ్గలు రాలిపోయేది అప్పుడే.

ఎండాకాలం ఊరెళ్తే

మూసిన ఇల్లు మే నెలలో ఎలా వేడెక్కుతుందో మనకు తెలుసు. రెండు మూడు రోజులకైతే వెళ్లే రోజు పొద్దున బాగా నానబెట్టి, కారనిచ్చి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, నేల మీద, తడి ఇటుకలు ఉన్న పళ్లెంలో పెట్టండి. వారం అంటే పక్కింటివాళ్లకు అప్పగించడమే మేలు. ఎన్ని రోజులకోసారి అని చెప్పకండి, వేళ్లు తెల్లబడితే పోయమని కుండీ చూపించి చెప్పండి. కలిపిన నీళ్లు ఒక క్యాన్‌లో పెట్టి ఇవ్వండి, లేకపోతే కుళాయి నీళ్లు పోస్తారు.

అప్పగించడానికి ఎవరూ లేకపోతే, నానబెట్టి కారనిచ్చిన కుండీని పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో నిలబెట్టి, ఆకులకు తగలకుండా లోపల రెండు పుల్లలు గుచ్చి, మూతి వదులుగా కట్టండి. పైన నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టండి. ఎండ పడే చోట ఉంచితే లోపల ఉడికిపోతుంది కాబట్టి ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది చూసుకోండి. తిరిగొచ్చాక సంచి ఒక్కసారిగా తీసేయకండి. మొదటి రోజు మూతి విప్పి ఉంచి, మర్నాడు సాయంత్రం తీయండి.